సింకు కింద కప్పు

జొహానెస్‌బర్గ్, దక్షిణాఫ్రికా,
జూలై, ఆదివారం

ఒరేయ్ మాస్టారూ,

నీ ఉత్తరం అందింది. పాప ఇంటర్‌లో చేరిందని చదివి ఎంత సంతోషించానో. ఫోనులో చెప్పేయవచ్చు గాని, నువ్వు నాలుగు పేజీలు చేత్తో రాసి పంపావు కదా, నేనూ కూర్చొని రాస్తేనే బాగుంటుంది. పైగా ఈసారి చెప్పాల్సింది ఫోనులో చెప్పగలిగేది కాదు.

ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. సముద్రమట్టానికి దాదాపు 1,750 మీటర్ల ఎత్తున్న ఊరు. గడ్డంతా ఎండి గోధుమరంగుకు తిరిగింది. పొద్దున ఆరింటికి ఇంకా చీకటే. ఆ చీకట్లోనే వచ్చి మా ఆఫీసు నేల తుడిచే పెద్దావిడ ఒకరున్నారు. ఇక్కడ పెద్ద వయసు ఆడవాళ్లను ‘మమా’ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను.

పోయిన నెల ఒకరోజు కాఫీ కలుపుకుందామని సింకు కింద తలుపు తీశాను. ఫినాయిల్ డబ్బా వెనక ఒక ఎనామెల్ కప్పు బోర్లించి ఉంది. తెల్లది, నీలం అంచు, పిడి దగ్గర పెచ్చు ఊడింది. తీసి కడగబోతుంటే మమా వచ్చి నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. “అది నాది” అంది. పైన అలమరలో ముప్పై కప్పులున్నాయి కదా అన్నాను. “అవి మీవి” అంది. అలా ఉండాలని ఎవరైనా చెప్పారా అంటే, ఎవరూ చెప్పలేదట. వయసులో ఉన్నప్పుడు తెల్లవాళ్ల ఇళ్లలో పని చేసిందట. పనిమనిషికి కప్పు వేరు, పళ్లెం వేరు. నల్లవాళ్లు మొదటిసారి అందరితోపాటు ఓటేసింది 1994 ఏప్రిల్‌లో. ఆ రోజు తానూ తెల్లారకముందే వెళ్లి వరుసలో నిలబడ్డానని చెప్పింది, కప్పు తుడిచి మళ్లీ అక్కడే బోర్లిస్తూ.

నాకు కాళ్లు కదల్లేదు రా. మా వసారా చూరులో దోపి ఉండే నీ గ్లాసు గుర్తొచ్చింది. సొట్టపడిన సత్తు గ్లాసు. నువ్వే తీసుకునేవాడివి. అమ్మ తాకకుండా పైనుంచి మజ్జిగ పోసేది. తాగి, నువ్వే కడిగి, మళ్లీ దోపేవాడివి. చూరు అందక మునివేళ్ల మీద నిలబడేవాడివి. నేను గడపలో కూర్చొని స్టీలు గ్లాసులో అదే మజ్జిగ తాగుతూ నీతో గోళీల సంగతి మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. నీకు అందడం లేదని చూస్తూ కూడా లేచి సాయం చేయలేదు.

ఇంకో మాట. తెల్లవాళ్ల పిల్లలు తాతల వయసు నల్లవాళ్లను కూడా ‘బాయ్’ అని పిలిచేవారని ఇక్కడ అందరూ చెబుతారు. మొదట విన్నప్పుడు ఎంత కోపం వచ్చిందో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదేళ్ల వయసులో నేను మీ నాన్నగారిని పేరు పెట్టి, ‘నువ్వు’ అనే పిలిచేవాణ్ణి. నువ్వు మా నాన్నను ‘అయ్యగారూ’ అనేవాడివి. మా వీధి మొదట్లోకి రాగానే మీ నాన్నగారు చెప్పులు చేతిలోకి తీసుకునేవారు. ఆయన పోయాక గాని నా నోటికి ‘గారు’ రాలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం మమా వెంట ఆమె ఇంటికి వెళ్లాను. ఉండేది ఆరెంజ్ ఫార్మ్‌లో, నగరానికి దక్షిణంగా 45 కిలోమీటర్లు. మా ఆఫీసు ఉత్తరాన సాండ్టన్‌లో. తెల్లవారుజామున మూడున్నరకు లేస్తే గాని ఆమెకు వేళకు అందదు. ఇక్కడ పేదవాళ్లు ఎక్కేది పదిహేనుమంది పట్టే వ్యాను, దాన్నే టాక్సీ అంటారు. నిలబడి చూపుడువేలు పైకెత్తితే నగరానికి వెళ్లాలని గుర్తు. వెనక వరుసలవాళ్లు డబ్బులు భుజాల మీదుగా ముందుకు అందిస్తారు, డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్లు లెక్క చూసి చిల్లర వెనక్కి పంపాలి. ఆ రోజు ఆ సీటు నాది. ఒళ్లో నోట్లు, నాణేలు పెట్టుకుని తికమకపడుతుంటే, వెనకనుంచి ఒకమ్మాయి ఎవరికెంత ఇవ్వాలో వరసగా చెప్పింది. ఒక్క రాండ్ తేడా రాలేదు. జీతంలో మూడో వంతు ఈ దారికే పోతుందని మమా అంది. ఇంట్లో మొక్కజొన్న పిండితో చేసే ‘పాప్’ పెట్టింది. మన సంకటిలాగే ఉంది, ముద్దలు చేసుకుని తిన్నాం. నేను తిన్న పళ్లెం, ఆమె తిన్న పళ్లెం ఒకే రకంవి.

ఆ వ్యాను ఎక్కానని తెలిసి ఇక్కడి మనవాళ్లు కొందరు నన్ను కోప్పడ్డారు. దోపిడీలు జరుగుతాయి, నిజమే. కానీ వాళ్ల మాటల్లో దోపిడీ భయం కంటే ‘వాళ్ల పక్కన కూర్చున్నావా’ అన్న ఏవగింపే ఎక్కువగా వినపడింది. చిన్నప్పుడు మీ పల్లెకు వెళ్లొచ్చిన రోజు మా నానమ్మ నన్ను గుమ్మం బయటే నిలబెట్టి స్నానం చేయించిన గొంతు అది.

మమా ఇల్లు ఎందుకంత దూరం అని నువ్వడుగుతావు. 1913లోనే చట్టం చేసి, నల్లవాళ్లు భూమి కొనదగిన చోటును దేశంలో నూటికి ఏడు వంతులకు కుదించారు. ఏ జాతివాళ్లు ఎక్కడ కాపురముండాలో చెప్పే చట్టం 1950లో వచ్చింది. 1955 నుంచి నల్లవాళ్లుండే సోఫియాటౌన్ అనే పేటను ఖాళీ చేయించి, ఇళ్లు కూల్చి, తెల్లవాళ్ల పేట కట్టి దానికి ‘విజయం’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 1913 చట్టానికి ముందే నల్లవాళ్లు నేల కొనుక్కున్న అలెగ్జాండ్రా అనే పేట మాత్రం ఎలాగో మిగిలింది. మా ఆఫీసు కిటికీలోంచి దాని రేకుల కప్పులు కనబడతాయి, మధ్యలో ఒక్క హైవే. 1957లో బస్సు ఛార్జీ నాలుగు పెన్నీల నుంచి ఐదుకు పెంచితే అక్కడి జనం ‘అజిక్వెల్వా’, అంటే ‘ఎక్కం’ అని, పోను పదిహేను, రాను పదిహేను కిలోమీటర్లు నెలల తరబడి నడిచారు. ఒక్క పెన్నీ రా! ఆ నడకను తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

వాళ్లు ఆ చట్టం రాసుకున్న 1950లోనే మన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా 1985లో, మనం రెండో తరగతిలో ఉండగా, కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకు ఆరుగురు దళితుల ప్రాణాలు తీశారు. మా చూరులో గ్లాసు ఆ తర్వాత కూడా ఉంది. ఇక్కడ చేసిన అన్యాయం తారీఖుతో, సంతకంతో పుస్తకాల్లో ఉంది, జరగలేదని ఎవరూ అనలేరు. మన పంచాయతీ ఆఫీసంతా వెతికినా నీ గ్లాసు వేరుగా ఉండాలన్న కాగితం దొరకదు. అందుకే మావాళ్లు ఇప్పటికీ ‘మన ఊళ్లో అలాంటివేమీ లేవు, అందరం కలిసే ఉన్నాం’ అనగలుగుతున్నారు.

నిన్న అమ్మకు ఫోను చేసి ఆ గ్లాసు ఏమైందని అడిగాను. “ఏ గ్లాసురా?” అంది. నీకు గుర్తుండే ఉంటుంది. ఇన్నేళ్లలో నువ్వు ఆ ఊసే ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. కోపం ఉంటే కోపంగానే రాయి, నాలుగు పేజీలు కాదు, నలభై రాయి.

డిసెంబరు చివర్లో వస్తున్నాను. ముందు మీ ఇంటికే వస్తాను. పాప ఏ గ్రూపు తీసుకుందో రాయలేదు నువ్వు. మీ అమ్మగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?

నీ నేస్తం