ఘాట్ దిగేముందు ఆ పెడల్ సంగతి తేల్చు

విజయనగరం

బుజ్జమ్మా,

ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే మెకానిక్ ముందు పెట్టి చదవొచ్చని రాస్తున్నాను.

రైల్వే గేటు దగ్గర కారు బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచితే పెడల్ మెల్లగా జారి అడుగుకి తగిలిందన్నావు. కాలు తీసి మళ్ళీ నొక్కితే పైకి వచ్చిందన్నావు. షెడ్డులో ఆయిల్ కొంచెం పోసి, "గాలి పట్టిందంతే" అన్నారట, ఇప్పుడు బాగానే ఉందట. ఆ "బాగానే ఉంది" అన్న మాటే నన్ను టెన్షన్ పెడుతోంది. గాలి పడితే పెడల్ మొదటి నుంచీ మెత్తగా ఉంటుంది, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడుతుంది, అలా నొక్కి పట్టుకుంటే ఉన్నచోటే ఉంటుంది. నీది గట్టిగానే మొదలై జారిపోయింది. ఇది వేరే జబ్బు.

మన స్పేర్ పార్టుల కొట్టుకి నెలకోసారి వచ్చి "అమ్మా, బ్రేకాయిల్ డబ్బా ఒకటియ్యి" అనేవాళ్ళని నేను ఊరికే పంపను, బండి ఎక్కడ కారుతోందో చూపించుకున్నావా అని అడుగుతాను. ఇంజిన్ ఆయిల్‌లా కాలి తగ్గిపోయేది కాదది. ప్యాడ్లు అరిగేకొద్దీ లెవెల్ కాస్త దిగుతుంది, అంతే. అంతకు మించి తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నట్టే. పోసుకుంటూ పోతే మీటర్ మీద ఎర్రలైటు ఆరుతుంది, కారేది ఆగదు.

ముందు ఆ కారే చోటు వెతికించు. నాలుగు చక్రాల లోపలివైపు, రబ్బరు హోసులు, వెనక డ్రమ్ములు విప్పి, లోపల బ్రేక్ షూలని నెట్టే వీల్ సిలిండర్ల రబ్బరు మూతల కింద తడి ఉందేమో చూడమను. చాలామంది వదిలేసే చోటు ఒకటుంది. పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్, కాలి బలాన్ని వాక్యూమ్‌తో పెంచే బూస్టర్‌కి ఆనుకునే జాయింట్. వెనక సీల్ పోతే ఆయిల్ బూస్టర్ లోపలికే వెళ్ళిపోతుంది, నేల మీద చుక్క కనబడదు. అక్కడ పెయింట్ ఉబ్బి పెచ్చులూడుతుంటే అనుమానించాల్సిందే, బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది.

ఎక్కడా తడి లేదనుకో, అప్పుడు నువ్వే ఈ పరీక్ష చెయ్యి. ఇంజిన్ ఆపి, బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయేదాకా పెడల్ కొన్నిసార్లు నొక్కు. గట్టిపడ్డాక కాలు బలంగా కాకుండా, గేటు దగ్గర ఆనించినట్టే తేలిగ్గా ఆనించి అర నిమిషం ఉంచు. తర్వాత బలంగా నొక్కి కూడా చూడు. పెడల్ దిగుతూ పోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ పోయినట్టు. సైకిల్ పంపులో వాషర్ అరిగితే పిడి కిందికి దిగుతుంది కానీ గాలి ట్యూబులోకి వెళ్ళదు చూడు, అచ్చం అదే. ఆయిల్ బయటికి పోదు, పిస్టన్ పక్కనుంచి వెనక్కి జారుకుంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణంలో పెడల్ కొంచెం కిందికి దిగితే మాత్రం కంగారు పడకు, బూస్టర్ పనిచేస్తోందని అర్థం.

ఈ జబ్బు మనుషుల్ని మోసం చేసేది ఎక్కడంటే, గట్టిగా కొడితే ఆ ఒత్తిడికి సీల్ విచ్చుకుని గోడకి అతుక్కుంటుంది, బ్రేక్ పడుతుంది. మెల్లగా ఆనిస్తేనే జారుతుంది. షెడ్డులో మెకానిక్ ఫట్‌మని ఒక్కసారి నొక్కి "బాగుందమ్మా" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆ నొక్కుడుకి తెలిసే రోగం కాదది.

నువ్వుండే కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఘాట్‌లో సుంకి దాటి కింద సాలూరు దాకా దిగడమంటే బ్రేక్ మీద ఎన్నిసార్లు కాలు పెడతావో నీకు తెలుసు. పైగా పాత ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి అయితే 230, 155. వేడికి లోపల ఆవిరి పుట్టిందా, నువ్వు నొక్కేది ఆవిరినే. బండి చల్లారాక పెడల్ మామూలుగా ఉంటుంది, చెప్పినా ఎవరూ నమ్మరు. అందుకే రెండేళ్ళకోసారి ఆయిల్ మొత్తం మార్పించాలి, ఘాట్‌లో రెండో గేర్‌లోనే దిగాలి.

సిలిండర్ పోయిందని తేలితే లోపలి రబ్బరు సీళ్ళ కిట్ వేయిస్తానంటారు. వద్దు. కిట్లు అమ్మేదాన్ని నేనే చెబుతున్నాను, సిలిండర్ లోపలి రంధ్రం, అదే బోరు, గోడ మీద గుంటలు పడి ఉంటే కొత్త రబ్బరు కూడా కొన్నాళ్ళకే చిరుగుతుంది. సిలిండర్ మొత్తం మార్పించు. బిగించేముందు బయటే దాన్లోని గాలి తీయాలి. తర్వాత చక్రాలకి ఎయిర్ తీసేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. కుడిచేతి స్టీరింగ్ కాబట్టి మామూలుగా దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెడతారు. కొన్ని బండ్లకి బ్రేక్ లైన్లు ఐమూలగా వెళ్తాయి, మాన్యువల్‌లో వరుస చూసుకోండి. గాలి వదిలే నిపిల్ బిగించాకే పెడల్ వదలాలి, లేకపోతే తీసిన గాలి మళ్ళీ లోపలికే పోతుంది. నీది ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని బండి, కాబట్టి ఇంతే పని.

పైడితల్లి అమ్మవారి పండగ తొలేళ్ళకి ఇంట్లో ఉండాలని నీకెంత ఆరాటమో నాకు తెలుసు. సిరిమాను చూడకుండా నువ్వెప్పుడున్నావు? కానీ ఈసారి బండి అక్కడే వదిలి, రాయగడ మీదుగా రైల్లో వచ్చెయ్యి. నిజంగా చెబుతున్నాను, ఆ కారులో ఘాట్ దిగుతున్నావంటే నాకు అన్నం దిగదు. ఊళ్ళో కూడా నడపకు. ఎప్పుడైనా పెడల్ అడుగుకి తగిలితే గబగబా కొడుతూ గేర్ తగ్గించు, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగు. అది కేబుల్ మీద పనిచేస్తుంది, ఆయిల్‌తో సంబంధం లేదు. ఇంజిన్ మాత్రం ఆపకు.

పాత సిలిండర్ విప్పాక దాని మీద పోతపోసిన నంబరు, బోరు కొలత ఫొటో తీసి పంపు. బోరు తేడా వస్తే పెడల్ తీరే మారిపోతుంది. రిజర్వాయర్ మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అదీ తియ్యి. సరిపోయే సిలిండర్, సీల్ విప్పని ఆయిల్ డబ్బా బస్సు పార్సిల్‌లో వేస్తాను.

అమ్మ