చైనా కరువును వాన మీదికి నెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో చైనా ప్రగతి మీద వేసిన వ్యాసం చదివాను. షెన్‌జెన్ గురించి, హైస్పీడ్ రైళ్ల గురించి బాగానే రాశారు. 1959-61 కరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వరుస ప్రకృతి వైపరీత్యాలు, సోవియట్ యూనియన్ సాయం ఆపేయడం అంటూ ఒక్క వాక్యంతో దాటేశారు. ఆ వాక్యం చిన్నదైనందుకు కాదు, తప్పు అయినందుకు ఈ ఉత్తరం.

నా ఉద్యోగమంతా పంట దిగుబడి లెక్కల్లోనే గడిచింది. పొలంలో ఐదు మీటర్ల చదరం కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, తాడు కట్టి, అందులో పంట కోయించి, నూర్పించి తూకం వేయడం, గింజ ఆరాక మళ్లీ తూయడం మా పని. అందుకేనేమో, ఆ కరువులో వానకంటే ముందు నాకు అంకెలే కనిపిస్తాయి.

పంటను, ఉక్కును ఒక్కసారిగా పెంచేయాలని 1958లో మావో ‘గ్రేట్ లీప్ ఫార్వర్డ్’ అనే ఉద్యమం మొదలుపెట్టారు. ఆ ఆగస్టులో హుబేయ్ ప్రావిన్సులోని మాచెంగ్‌లో ఒక మూ పొలంలో 36,900 జిన్‌ల వడ్లు పండాయని కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ రాసింది. మూ అంటే ఎకరంలో ఆరో వంతు, జిన్ అంటే అరకిలో. లెక్క కడితే ఎకరానికి 110 టన్నులు దాటుతుంది. అప్పట్లో అక్కడ సగటు పంట ఎకరానికి టన్ను. చుట్టుపక్కల మళ్లలో కోతకొచ్చిన వరిని పీకి తెచ్చి ఒకే మడిలో కుక్కి, కంకుల మీద పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీశారు. సెప్టెంబరులో గ్వాంగ్‌షీలోని హువాన్‌జియాంగ్ ఏకంగా 1,30,434 జిన్‌లు ప్రకటించింది. చివర ఆ నాలుగు జిన్‌లు చూడండి, ఎంత పద్ధతిగా తూచారో!

నవ్వొస్తుంది గానీ ఆ అంకెల మీదే లెవీ పడింది. 1958 పంట 37.5 కోట్ల టన్నులన్నారు. ఏడాది తిరిగేసరికి దాన్ని 25 కోట్లకు దించారు. చివరికి తేలింది 20 కోట్లు. 1959లో పండింది 17 కోట్ల టన్నులైతే సర్కారు పట్టుకుపోయింది 6.7 కోట్లు, అంటే దాదాపు 40 శాతం. అదే ఏడాది 40 లక్షల టన్నులకు పైగా విదేశాలకు ఎగుమతి చేశారు. ఇక లేవని రైతు మొత్తుకుంటే దాచావన్నారు. రైతులు ధాన్యం దాస్తున్నారని 1959 మొదట్లో గ్వాంగ్‌డాంగ్ నుంచి నివేదిక ఇచ్చింది జావో జియాంగ్. 1989లో విద్యార్థుల మీద సైన్యాన్ని దించడానికి ఒప్పుకోక పదవి పోగొట్టుకున్న జావోనే ఈయన. మావో ఆ నివేదికను మెచ్చుకుని మిగతా ప్రావిన్సులకూ పంపించారు.

హెనాన్‌లోని షిన్‌యాంగ్ ప్రాంతంలో 1959 చలికాలం, 1960 వసంతం దాటేలోపు పది లక్షల మంది దాకా చనిపోయారు. అక్కడి ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం ఉంది. జనం ఊళ్లు విడిచి పోకుండా దారుల్లో కాపలా పెట్టారు. బయటికి రాసిన ఉత్తరాలను తపాలా ఆఫీసులోనే ఆపేశారు. ఇంట్లో వండుకుందామంటే గిన్నెలు లేవు, అవి ఆ ఉద్యమం కోసం పెట్టిన ఉక్కు కొలిమిలో కరిగిపోయాయి. కమ్యూన్ (ఊళ్లన్నీ కలిపి పెట్టిన ఉమ్మడి వ్యవసాయ సంఘం) వంటశాలే దిక్కు, అందులో గింజలు నిండుకున్నాయి.

ఇక సోవియట్ మాట. సోవియట్ నేత క్రుశ్చేవ్ చైనాలోని తమ నిపుణులను వెనక్కి పిలిచింది 1960 జులైలో. షిన్‌యాంగ్‌లో శవాలు లేచింది అంతకు ముందు. పైగా ఆ నిపుణులు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు, వాళ్లు పోతే వరి ఎందుకు ఎండుతుంది? వానలు ముఖం చాటేసిన మాట నిజమే, కాదనను. కానీ 1961లో హునాన్‌లోని సొంతూరికి వెళ్లి చూసి వచ్చిన లియు షావోచి, మరుసటి జనవరిలో ఏడు వేల మంది పార్టీ అధికారుల సభలో అక్కడి రైతుల మాటగా చెప్పారు: ఇందులో మూడు పాళ్లు ప్రకృతి, ఏడు పాళ్లు మనుషులు చేసింది. అప్పుడాయన దేశాధ్యక్షుడు. మీ వ్యాసకర్త ఆ ఏడు పాళ్లూ మింగేశారు.

నన్ను ఎక్కువగా తొలిచేది 1959 జులైలో పార్టీ పెద్దలు కలిసిన లూషాన్ సమావేశం. ఎంత పండితే అంతే చెప్పండి, పైవాళ్లు పెట్టిన లక్ష్యాలకు లొంగొద్దు అని 1959 ఏప్రిల్ 29న కింది స్థాయి నాయకులకు ఉత్తరం రాసింది స్వయంగా మావోనే. మంచి మాటే. జులై 14న రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ ఆయనకు ఉత్తరం రాశారు. ముందు విజయాలు పొగిడి, ఆ తర్వాతే బూటకపు లెక్కల సంగతి ఎత్తారు. 23న మావో విరుచుకుపడ్డారు. సెప్టెంబరుకల్లా పెంగ్ పదవి లిన్ బియావోకు దక్కింది. కొరియా యుద్ధం నడిపిన సేనానికే ఆ గతి పడితే, కమ్యూన్‌లో లెక్కలు రాసే గుమాస్తా ‘మా దగ్గర గింజ లేదు’ అని రాస్తాడా? దిగుబడి కాస్త సవరించమని పైనుంచి ఫోన్ వస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాకు మహా అయితే బదిలీ. అక్కడ మితవాది, అంటే పార్టీ దారికి అడ్డుపడేవాడు, అని ముద్ర వేసేవాళ్లు, కొట్టి చంపిన సందర్భాలూ ఉన్నాయి. లూషాన్ తర్వాత దేశమంతా మితవాదుల వేట సాగింది, కాస్త తగ్గించిన లక్ష్యాలు మళ్లీ పెరిగాయి. చావుల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతివే.

మృతుల మీద పరిశోధకుల అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. వాటిని నమ్మకపోతే చైనా ప్రభుత్వమే ప్రచురించిన జనాభా లెక్క చూడండి. 1959 చివర 67.2 కోట్లు, 1960 చివర 66.2 కోట్లు. 1981 జూన్‌లో పార్టీ చేసిన తీర్మానం కూడా ముందు గ్రేట్ లీప్ ఫార్వర్డ్ తప్పులను, మితవాద వ్యతిరేక పోరాటాన్ని చెప్పి, ఆ తర్వాతే ప్రకృతిని, సోవియట్‌ను ప్రస్తావించింది. బీజింగ్ ఒప్పుకున్న పాటి కూడా మన పత్రిక ఒప్పుకోకపోతే ఎలాగండీ?

ఈ వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తామని కింద ప్రకటన ఉంది. ఆ వాక్యం అందులోకి పోకముందే మార్చండి. షిన్‌యాంగ్‌కు ఒక పేరా ఇవ్వండి, ఆ రెండేళ్ల జనాభా అంకెలు పక్కపక్కనే వేయండి.

భవదీయుడు,
గణాంక శాఖ విశ్రాంత ఉద్యోగి