పిల్లల వంటకాలతో పాటు పిండిపదార్థాల లెక్క కూడా ప్రచురించండి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడగానే పత్రికల్లో పిల్లల కోసం కొత్త వంటకాలు వరుసగా వస్తుంటాయి. టైప్ 1 మధుమేహం (శరీరం తనకు కావలసిన ఇన్సులిన్‌ను తయారుచేసుకోలేని స్థితి) ఉన్న పిల్లల ఇళ్లలోనూ వాటిని ఆశగా చదువుతారు. తినబోయే పిండిపదార్థాలను (కార్బోహైడ్రేట్లను) బట్టి ఇన్సులిన్ మోతాదు లెక్కగట్టుకునే ఆ కుటుంబాలకు, ఒక్కొక్కరి వాటాలో అవి ఎన్ని గ్రాములున్నాయో తెలియకపోతే ఎంత మంచి వంటకమైనా ఉపయోగపడదు. ఆ ఒక్క అంకెను ప్రతి వంటకం కింద ఇవ్వాలని కోరుతున్నాను.

‘చక్కెర వేయలేదు’ అని రాస్తే సరిపోదు. అన్నం, రొట్టె, బంగాళాదుంప కూడా జీర్ణమయ్యాక గ్లూకోజ్‌గానే రక్తంలోకి చేరతాయి. తేనె, పండ్లరసాలు ఆరోగ్యకరమన్న పేరుతో పిల్లల వంటకాల్లో ధారాళంగా కనిపిస్తాయి కానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం లోపే ఉండాలని సూచించినప్పుడు వాటిలోని చక్కెరలను కూడా ఆ లెక్కలోనే చేర్చింది. పండును పండుగానే కొరికి తింటే అందులోని పీచు, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా కొంత ఆపుతుంది.

బడికి పంపే డబ్బా విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. భోజనానికి ముందే ఇన్సులిన్ తీసుకున్న పిల్ల రుచించక సగం వదిలేస్తే, రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి డబ్బా చూడగానే తినాలనిపించేలా ఉండడాన్ని నేను అలంకారంగా కాక, భద్రతగా చూస్తాను. తెల్లరొట్టెకు జామ్ పూసే బదులు, ముడిగోధుమ రొట్టెలో ఉడికించిన గుడ్డునో మెత్తగా నూరిన శనగలనో పెట్టి చుట్టి, అడ్డంగా చక్రాల్లా కోయవచ్చు. పక్కన పొడవుగా తరిగిన క్యారెట్, కీరా, ముంచుకు తినడానికి కాస్త గట్టి పెరుగు ఉంచవచ్చు. మాంసకృత్తులు, కొవ్వు, పీచు కలిసినప్పుడు ఆహారం నెమ్మదిగా జీర్ణమవుతుంది. ఏ కూర పెట్టాలో పిల్లలనే ఎంచుకోనిస్తే డబ్బా ఖాళీ అయ్యే అవకాశం ఎక్కువ. చక్కెర పడిపోయినప్పుడు వెంటనే ఇవ్వడానికి గ్లూకోజ్ బిళ్లలో, చిన్న పండ్లరసం డబ్బానో విడిగా ఉండాలి. వాటి ద్వారా సాధారణంగా 15 గ్రాముల పిండిపదార్థం, చిన్నపిల్లలకు అంతకంటే తక్కువ ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షిస్తారు.

సెలవుల్లో ఇబ్బంది ఒక్క మిఠాయితో రాదు. ఆలస్యంగా లేవడం, లెక్కలేని చిరుతిళ్లు, సాయంత్రం దాకా ఆడిన ఆటల వల్ల రాత్రి చక్కెర తగ్గడం, ఇవన్నీ కలిసి వస్తాయి. అందరికీ ఒక వంట, ఆ పిల్లకు మాత్రం వేరే పళ్లెం అన్న పద్ధతి నాకు ఎంతమాత్రం నచ్చదు. అందరూ తినేదే, లెక్క తెలిసి, భోజనంతో పాటు తగినంత పెడితే చాలు.

కొలతల గురించి ఒక మనవి. ఒక ఇంటి కప్పు మరో ఇంటి కప్పు కాదు కనుక బియ్యం, పిండి, పప్పుల బరువును గ్రాముల్లో ఇవ్వండి. వంటకం ఎంతమందికి వస్తుందో రాయండి. ఆ లెక్కను ప్రచురణకు ముందు పోషకాహార నిపుణులకు చూపించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు