మక్క చేల నడుమ మసీదు

సంపాదకులు గారికి,

నల్లగొండ నుంచి పిల్లలను అమెరికా పంపిన మా బోటి వారిలో చాలామందికి, పెద్ద నగరాలు దాటితే ఆ దేశమంతా ఒకే తీరు మనుషులు, ఒకే మతం అన్న అభిప్రాయం ఉంది. అయోవా రాష్ట్రంలోని సెడార్ రాపిడ్స్‌లో మా బిడ్డ ఇంట మూడు నెలలు ఉండి వచ్చేదాకా నాదీ అదే అభిప్రాయం.

2020 జనగణన ప్రకారం 1,37,000 పైచిలుకు జనాభా, అంటే ఇంచుమించు మన నల్లగొండ అంత ఊరు. చుట్టూ మక్క చేలు, నడుమ నది, ఒడ్డున ఓట్స్ మిల్లు. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన చెక్ కుటుంబాలు అక్కడి మాంసం ఫ్యాక్టరీల్లో కష్టపడి సెయింట్ వెన్సెస్లాస్ చర్చి కట్టుకున్నాయి. 2008 వరదలో తమ మ్యూజియం మునిగితే, ఆ భవనాన్ని ఉన్నదున్నట్టు లేపి ఎత్తైన చోటికి జరుపుకున్నారట!

నన్ను నిలబెట్టింది మాత్రం ఒక చిన్న చెక్క మసీదు. నేటి లెబనాన్, సిరియా ప్రాంతాల నుంచి వచ్చి, వీపున మూట వేసుకుని పొలాల్లోని ఇళ్లకు తిరిగి సరుకులు అమ్మి, తరువాత దుకాణాలు పెట్టుకున్న కుటుంబాలు ఆర్థిక మాంద్యం రోజుల్లోనే, 1934లో, దానిని పూర్తి చేశాయి. మసీదుగానే కట్టి నేటికీ నిలిచి ఉన్న వాటిలో ఆ దేశంలో అదే పాతది కనుక ‘మదర్ మాస్క్’ (తల్లి మసీదు) అని పేరు వచ్చింది. గుమ్మటం లేకుంటే పల్లెటూరి బడి అనుకుంటాము. జనం పెరిగి వేరే చోట కొత్తది కట్టుకున్నాక దీనిని అమ్మేశారు, కొన్నాళ్లు ఇందులో చర్చి నడిచింది, 1990లో మళ్లీ కొని బాగుచేసుకున్నారు. అదే గడ్డ నుంచి వచ్చిన క్రైస్తవులకు అదే ఊళ్లో ఆర్థడాక్స్ చర్చి ఉంది.

అయితే అక్కడ ఎవరి ప్రార్థన వారిది. ఇరుగుపొరుగు మర్యాద గట్టిదే గాని, ఒకరి దగ్గర మరొకరు మొక్కు చెల్లించడం నా కంట పడలేదు. మన దగ్గర లతీఫ్ సాహెబ్ దర్గా ఉన్న గుట్ట ఎక్కేవారిలో, పీర్లకు దట్టీలు (మొక్కు గుడ్డలు) కట్టి ఊదు వేసేవారిలో, పీరునెత్తుకుని అలావ (నిప్పుల గుండం) చుట్టూ తిరిగేవారిలో హిందువులు ఎందరో. సెడార్ రాపిడ్స్ వారి గొప్ప మరొకటి: ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏమి అమ్మి ఏమి కట్టారో రాసి పెట్టుకున్నారు. మన పీర్లను ఉంచే కొట్టాలను ఎవరు కట్టించారో, తరతరాలుగా ఏ ఇంటివారు పీరునెత్తుతున్నారో ముసలివారి నోట తప్ప ఎక్కువచోట్ల కాగితం మీద లేదు.

కనుక వచ్చే పీర్ల పండుగకు మీ జిల్లా పేజీలో ఊరూరి కొట్టాల వివరాలు వరుసగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మా ఊరి సంగతి నేను రాసి పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ