అమ్మ ఆపరేషన్‌కు అండగా నిలిచిన అందరికీ

అమ్మ క్షేమంగా తెనాలి ఇంటికి వచ్చింది. మా వీధివాళ్ల దగ్గర్నుంచి హైదరాబాద్‌లో ముక్కూముఖం తెలియని రక్తదాతల దాకా ఎంతమంది ఆదుకున్నారో! అందరికీ విడివిడిగా ఫోన్ చేయడం కుదరక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా సర్జన్ గారికి. అమ్మది అండాశయ క్యాన్సర్. బయటపడేసరికే కడుపులోపల గోడలకు అంటుకుని ఉండే పెరిటోనియం పొరంతా పాకింది. కీమో తర్వాత స్కాన్‌లో చాలావరకు తగ్గింది. అలాంటిది, కంటికి బాగానే కనిపించే పొరను కూడా తీసేస్తామనేసరికి నాన్న ఉండబట్టలేక అడిగేశారు: "బాగున్నదాన్ని ఎందుకు కోయడం సార్?"

ఆయన విసుక్కోలేదు. స్కాన్ కవరు వెనక పొట్ట బొమ్మ గీశారు. పొట్టను, పేగులను కలిపి 13 భాగాలు చేసి, ఒక్కోదానికి అక్కడ క్యాన్సర్ ఎంత ఉందో దాన్నిబట్టి 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, మొత్తం 39కి అమ్మకు ఎంత రావచ్చో చూపించారు. పొట్ట తెరిచాక ఈ లెక్క మారొచ్చనీ చెప్పారు. కీమోకు గడ్డలు కరిగిన చోట పొర నునుపుగా కనిపించినా కణాలు మిగిలి ఉండొచ్చట. అవి స్కాన్‌కు అందవు, సర్జన్ కంటికీ అందవు. పేగుల మీద వేలాడే ఒమెంటం అనే కొవ్వు పొరను, మామూలుగా కనిపించినా తీయడం ఈ క్యాన్సర్‌లో ఎప్పటినుంచో ఉన్నదే. కడుపు గోడల పొర మొత్తం తీయడం మాత్రం అందరు డాక్టర్లూ ఒప్పుకున్న పద్ధతి కాదనీ, దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని ఇంకా తేలలేదనీ, రక్తం ఎక్కువ పోవచ్చనీ ఆయనే విప్పి చెప్పారు. అంత నిజాయతీగా చెప్పబట్టే ధైర్యంగా సంతకం పెట్టాం. నిర్ణయం మాత్రం అమ్మదే. "తీసెయ్యండి బాబూ, దాన్ని దాచుకుని నేనేం చేసుకుంటాను" అంది.

పెథాలజీ వాళ్లను మేం చూడనైనా లేదు. తీసిన ప్రతి ముక్కకూ విడిగా పేరు రాసి పరీక్షించారు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, డయాఫ్రం, కింద కుడివైపు పొర మామూలుగానే ఉందని ఆపరేషన్ నోట్స్‌లో ఉంది. మైక్రోస్కోప్‌లో అందులోనే క్యాన్సర్ కణాలు కనిపించాయి. అలా బాగున్నట్టు కనిపించిన మిగతా ముక్కల్లో ఏమీ దొరకలేదు. మా అమ్మ రిపోర్ట్ చూసి అందరికీ ఇదే సరైనదని నేను అనను. కానీ ఆ ఒక్క లైను చదివినప్పుడు నాన్న కవరు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు.

బి నెగటివ్ రక్తం కోసం అర్ధరాత్రి బైక్ వేసుకుని వచ్చిన పిల్లలకు, ఐసీయూ సిస్టర్లకు, మూడు బంతుల స్పైరోమీటర్ చేతికిచ్చి "ఇంకొక్కసారి పీల్చండమ్మా, రెండో బంతి లేస్తోంది" అంటూ అమ్మ పక్కనే నిలబడిన ఫిజియోథెరపీ అమ్మాయికి చేతులెత్తి నమస్కారం. చీటీ పాడి డబ్బు మొత్తం మా చేతిలో పెట్టిన పిన్నీ, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

మిగిలిన కీమోలు త్వరలో మొదలవుతాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ చెప్పి ఉంటే, టెన్షన్ పడుతుంటే, నాకు మెసేజ్ పెట్టండి. వైద్య సలహా ఇవ్వలేను. డాక్టరు గారిని అడగడానికి మేం రాసుకున్న ప్రశ్నల కాగితం మాత్రం ఫొటో తీసి పంపిస్తాను.