పేపర్లో రంగు చూసి చీర ఆర్డర్ పెట్టకండి

పోచంపల్లిలో మా దుకాణానికి వచ్చే అక్కలకు, అన్నలకు. ఆగస్టు 7 చేనేత దినోత్సవం వస్తున్నది కదా, విలేకరులకు మగ్గాల ఫోటోలు పంపుతున్నం. "ఇంత మంచి చీరలు పెట్టుకొని ఆ నూలు కండెల ఫోటోలెందుకు?" అని చాలామంది అడుగుతున్నరు.

మడతబెట్టిన చీర ఫోటో పంపితే అది ప్రకటన కిందికి వస్తది, పైసలు కట్టమంటరు. వార్తకు పని జరుగుతున్న ఫోటో కావాలె. రంగులో ముంచిన నూలుకు చిటికీ (రంగు అంటకుండ అక్కడక్కడ వేసే కట్టు) కట్టిన రబ్బరు విప్పుతుంటే రంగు తాకని తెల్లటి చోటు బయటపడ్తది చూడండి, ఆ ఒక్క ఫోటో చాలు. డిజైను మగ్గం మీద కాదు, నూలు మీదనే పుడ్తదని చదవకుండనే తెలుస్తది. వేళ్లు, నూలు, ఊడిన రబ్బరు మూడూ కనబడాలె. కెమెరా దిక్కు చూసి నవ్వితే మాత్రం పెళ్లి ఆల్బమే.

తీసేటప్పుడు ట్యూబ్‌లైటు బంద్. కిటికీ వెలుతురుతో అది కలిస్తే ఒక్క చీరకే రెండు ఛాయలు. ఫ్లాష్ కొడితే పట్టు మీద తెల్ల మచ్చ పడ్తది. సన్న గళ్ల చీరను దూరం నుంచి తీస్తే పేపరు అచ్చులోని సన్న చుక్కలతో కలిసి, చీరలో లేని అలలు లేస్తయి. దగ్గరికి జరగాలె, లేదంటే కోణం మార్చాలె. పేపరు సిరాను పీలుస్తది కాబట్టి ముదురు మెరూన్ నల్లగ దిగుతది. అందుకే కొంచెం వెలుగు పెంచి పంపుతం. అది అసలు రంగు కాదు. కటింగ్ తెచ్చి "ఇదే కావాలె" అంటే ఇయ్యలేం. నూలు ముక్క అడగండి, ఇస్తం.

వాట్సాప్‌లో మామూలుగ పంపితే ఫోటో బాగ కుదించుకుపోతది. పేజీ పైన పెద్దగ వేయనీకి చాలదు. అందుకే డాక్యుమెంట్‌గ పెడ్తం: అడ్డం రెండు, నిలువు ఒకటి. కింద పని పేరు, మనిషి పేరు, ఊరు, తేదీ. జిల్లా యాదాద్రి భువనగిరి అని రాయాలె. 2016కు ముందటి అలవాటుతో నల్గొండ అని రాస్తే ఫోటో పక్క జిల్లా పేజీకి పోయి ఆడనే ఆగుతది.

పేరు, ముఖం వద్దన్న నేత కార్మికుల చేతులే కనబడ్తయి. దుకాణంలో తీసిన మీ ఫోటోలు మిమ్మల్ని అడగకుండ ఎవరికీ పంపం.

ఈ ఫోటోల పని ఉంటది కాబట్టి ఆగస్టు 7 దాకా పొద్దున 8 నుంచి 10 వరకు మగ్గాల గదిలోకి రానియ్యం. దుకాణం తెరిచే ఉంటది.