వార్షిక నివేదిక 2025: మన ఆర్వీ బృందం, చర్చి నిర్మాణ పనులు

సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు.

క్రిస్మస్ కేరల్స్, గుడ్ ఫ్రైడే ఏడు మాటలు, పిల్లల వీబీఎస్ (సెలవుల బైబిలు బడి), పిక్నిక్ ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఫొటోలు వాట్సాప్ గ్రూపులో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి మళ్లీ ఇక్కడ రాయడం లేదు. కార్యవర్గం ఎన్నిక ఏకగ్రీవం. అంటే కొత్తవాళ్లెవరూ ముందుకు రాలేదు, పాతవాళ్లనే ఉండమన్నారు. ఈ ఏడాది సభ్యులు ఎక్కువగా అడిగిందీ, ఎక్కువగా విమర్శించిందీ ఆర్వీ బృందం గురించే. అందుకే ఈ నివేదిక దాదాపు అంతా దాని మీదే.

డల్లాస్‌కు కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్వీ అంటే పడక, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి. అమెరికాలో రిటైరైన క్రైస్తవ దంపతులు చాలామంది సొంత ఆర్వీలో ఊరూరా తిరుగుతూ చర్చిలు కట్టడానికి, పాతవి బాగుచేయడానికి వెళ్తుంటారు. చలికాలం దక్షిణాన, ఎండాకాలం ఉత్తరాన. యునైటెడ్ మెథడిస్టుల్లో 1988లో మొదలైన 'నోమాడ్స్' ఉంది. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్‌కు 'మ్యాప్స్' ఉంది, సదరన్ బాప్టిస్టుల్లో 'క్యాంపర్స్ ఆన్ మిషన్' ఉంది. అడ్వెంటిస్టుల 'మారనాత' 1969లో మొదలైనప్పుడు సొంత చిన్న విమానాలున్నవాళ్లు వాటిలోనే పనికి వెళ్లేవారట. మనవాళ్లకు విమానాలు లేవు కాబట్టి ఆర్వీలతోనే సరిపెట్టుకుంటున్నాం.

ఒప్పందం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. పిలిచిన చర్చి తన పార్కింగ్ స్థలంలో బండి పెట్టుకోనిచ్చి నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్ ఇస్తుంది. సామాను కొనేది కూడా వాళ్లే. పెట్రోలు, తిండి, చాకిరీ మనవి. నోమాడ్స్ పద్ధతిలో ఒక ప్రాజెక్టు మూడు వారాలు, వారానికి నాలుగు రోజులు పని. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఎవరి తీరిక వాళ్లది. పొద్దున్నే కాసేపు వాక్యం, ప్రార్థన చేసుకుని పనిలోకి దిగుతారు. మన బృందం కూడా ఈ పద్ధతినే తీసుకుంది.

ఒక్క రోజు ట్రిప్పులు ఎందుకు ఆపాం

గత ఏడాది వరకు శనివారాల్లో కార్లలో వెళ్లి ఒక పూట పనిచేసి వచ్చే ఏర్పాటు కూడా ఉండేది. ఈ వసంతం నుంచి దాన్ని ఆపేశాం. "కుటుంబాలతో వెళ్లే అవకాశం తీసేశారు" అని చాలామంది బాధపడ్డారు. కార్యవర్గం మాత్రం ఈ నిర్ణయాన్ని మార్చుకోదల్చుకోలేదు. కారణం లూసియానా పని చూసినవాళ్లకు తెలుసు, చూడనివాళ్ల కోసం రాస్తున్నాను.

2020 ఆగస్టు 27న లారా తుపాను లూసియానాలో కామెరన్ దగ్గర తీరం దాటింది, గాలి వేగం గంటకు 150 మైళ్లు. సుమారు ఆరు వారాలకే దాదాపు అదే చోట డెల్టా తుపాను. ఆ తర్వాతి ఏడాది మే నెలలో లేక్ చార్లెస్‌లో వరద. పెద్ద చర్చిలు ఇన్సూరెన్స్‌తో కోలుకున్నాయి. పాతిక ముప్పై కుటుంబాలుండే పల్లె చర్చిలు కొన్ని ఇప్పటికీ టార్పాలిన్ కప్పుకునే ఉన్నాయి. మనం వెళ్లింది అలాంటి ఒక చర్చి ఫెలోషిప్ హాలుకు. పైకప్పు అంతకుముందు వచ్చిన బృందం వేసేసింది. లోపలి గోడలు మన వంతు.

మన ఊళ్లలో గోడంటే ఇటుక, సిమెంటు. ఇక్కడ చెక్క నిలువులు నిలబెట్టి, వాటి మీద డ్రైవాల్ షీట్లు (రెండు వైపులా కాగితం అంటించిన జిప్సం పలకలు) బిగిస్తారు. నిలువుకీ నిలువుకీ మధ్య పదహారు అంగుళాలు. షీటు వెడల్పు నాలుగు అడుగులు, పొడవు ఎనిమిది అడుగులు లేదా పన్నెండు. షీటు అంచు సరిగ్గా నిలువు మధ్యలో పడాలి, లేకపోతే స్క్రూకి పట్టు దొరకదు. కత్తితో పైకాగితం మీద ఒక గీత గీసి, మోకాలి మీద పెట్టి విరిచి, వెనక కాగితం కోస్తారు. అంతవరకు ఎవరైనా నేర్చుకుంటారు. అసలు పని స్క్రూ దగ్గర ఉంది. దాని తల కాగితం కంటే వెంట్రుకవాసి లోపలికి వెళ్లాలి, కాగితం మాత్రం చిరగకూడదు. చిరిగితే షీటును పట్టుకునేది ఏమీ ఉండదు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మన అంకుల్ ఒకరు మొదటి రోజంతా ఈ స్క్రూలతోనే గడిపారు. పని చూసుకునే సైట్ లీడ్ వచ్చి వేలితో ఒక్కో స్క్రూ తడిమి చూసి, సగం తీయించి మళ్లీ వేయించాడు. రెండో వారానికి అదే అంకుల్ కొత్తగా వచ్చిన కాన్సాస్ దంపతుల స్క్రూలు తడిమి చూస్తున్నారు. ఆ మార్పు ఒక్క శనివారంలో రాదు.

ఇంకో కారణం కూడా ఉంది. షీట్ల అతుకుల మీద టేపు వేసి పేస్టు పూస్తారు. అది మూడు పూతలు. ఒక పూత ఆరాకే గీకి, తర్వాతి పూత వేయాలి. మామూలుగా ఒక రాత్రి చాలు కానీ లూసియానా గాలిలో ఉండే తేమకు రెండు రోజులైనా ఆరని సందర్భాలున్నాయి. శనివారం ఉత్సాహంగా వచ్చిన పదిహేను మంది మొదటి పూతను మందంగా పూసి, ఫొటో దిగి వెళ్లిపోతే, సోమవారం దాన్ని గీకడానికి ఉన్న నలుగురికీ రోజంతా పడుతుంది. మాట కరుకుగా ఉంటే క్షమించండి, కానీ జరిగేది అదే. పలకరించి, ఆదివారం కలిసి ఆరాధన చేసి వెళ్లాలనుకునే కుటుంబాలకు ఎప్పుడూ స్వాగతం. పనికైతే మూడు వారాలూ రావాలి. అన్ని రోజులు కుదరనివాళ్లు కనీసం ఒక వారమంతా ఉండాలి.

మూడు వారాలంటే ఉద్యోగం చేసేవాళ్లకు ఎలా కుదురుతుందని అడిగారు. నిజమే, కుదరదు. అందుకే బృందంలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. రిమోట్ ఉద్యోగం ఉన్న ఒక జంట మాత్రం పగలు ఆర్వీలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, సాయంత్రం వచ్చి ఇసుక కాగితం పట్టుకున్నారు. దుమ్ము దులుపుకోకుండా మళ్లీ మీటింగుకు వెళ్తే కెమెరా ఆపేసుకోవాల్సి వచ్చిందని నవ్వుతూ చెప్పారు.

నార్త్ కరోలినా

2024 సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటిన హెలీన్ తుపాను తెల్లారేసరికి ఆషెవిల్ చుట్టూ ఉన్న కొండల మీదికి చేరింది. సముద్రానికి అంత దూరంలో తుపాను వల్ల ఊళ్లు కొట్టుకుపోతాయని అక్కడివాళ్లు అనుకోలేదు. ఈ శరదృతువులో మనవాళ్లు స్వానానోవా నది పక్కనున్న ఒక చర్చికి వెళ్లారు. అక్కడ పని కట్టడం కాదు, ముందు విప్పడం. వరద నీరు ఎంత ఎత్తుకు వచ్చినా గోడను చాలాసార్లు నేల నుంచి నాలుగు అడుగుల దాకా కోస్తారు. షీటు వెడల్పు నాలుగు అడుగులే కాబట్టి అడ్డంగా పెడితే కొత్తది సరిగ్గా కూర్చుంటుంది. లోపలి చెక్క ఆరిందో లేదో మీటరుతో కొలుస్తారు. తేమ పదిహేను శాతం లోపు వచ్చేదాకా గోడ మూయనివ్వరు, మూస్తే లోపల బూజు పడుతుంది. కాబట్టి మనవాళ్లు విప్పి, కడిగి, ఫ్యాన్లు పెట్టి వచ్చారు. మూసేది వేరే రాష్ట్రం నుంచి వచ్చే ఇంకో బృందం.

దారి గురించి ఒక మాట. డల్లాస్ నుంచి ఆషెవిల్ సుమారు వెయ్యి మైళ్లు. టెనెసీ సరిహద్దు దగ్గర లోయలో తుపానుకు కొట్టుకుపోయిన ఐ-40 రోడ్డును 2025 మార్చి 1న తెరిచారు. అదీ ఒక్కో వైపు ఒక్కో లేన్, గంటకు 35 మైళ్ల వేగం. ఒక పక్క కొండ, ఇంకో పక్క నది. ముప్పై నాలుగు అడుగుల బండి నడిపే మన అన్నయ్యకు చెమటలు పట్టాయి, పక్కన కూర్చున్న వదినగారు మాత్రం కళ్లు మూసుకుని కీర్తనలు పాడుకుంటూ వచ్చారట.

బండి లోపల కాపురం

ఆర్వీ కొనాలనుకుంటున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడే జవాబు. పెట్రోలుతో నడిచే పెద్ద మోటర్‌హోమ్ గ్యాలన్‌కు ఏడెనిమిది మైళ్లే ఇస్తుంది. బండి బరువు 26,000 పౌండ్లు దాటితే టెక్సస్‌లో మామూలు లైసెన్సు చాలదు, క్లాస్ బి తీసుకోవాలి. కొనేముందు ఒకసారి అద్దెకు తీసుకుని మూడు వారాలు గడిపి చూడండి. ఇద్దరూ అంత చిన్న చోట సర్దుకోగలరో లేదో అప్పుడు తెలుస్తుంది.

చర్చిల దగ్గర చాలాచోట్ల 30 ఆంపుల ప్లగ్గే ఉంటుంది. అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, రైస్ కుక్కర్ రెండూ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. "ఏమండీ, అన్నం ఉడికేదాకా ఏసీ ఆపండి" అన్న మాట మన బండ్లన్నిటిలో రోజూ వినిపించింది. అన్నం ముందు, చల్లదనం తర్వాత. టాయిలెట్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచండి. నిండాక ముందు దాన్ని ఖాళీ చేసి, తర్వాత సింకు నీళ్ల ట్యాంకు తెరిస్తే పైపు దానంతటదే కడుక్కుంటుంది. నూనె, మసాలా ముద్దలు సింకులో పోయొద్దు. చేపల పులుసు బండిలో కాకుండా బయట గ్యాస్ పొయ్యి మీద పెట్టుకోమని అనుభవజ్ఞులైన సిస్టర్లందరి సలహా. కాకపోతే పక్క బండ్లవాళ్లు గిన్నెలు పట్టుకుని వస్తారు, కొంచెం ఎక్కువే వండండి.

నియమాలు

చర్చి ఆవరణలో డేకేర్ ఉండే అవకాశం ఉంది కాబట్టి పనికొచ్చే ప్రతి ఒక్కరూ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు (పాత నేరాలేమైనా ఉన్నాయా అన్న విచారణకు) ఒప్పుకోవాలి. ఇందులో పెద్దలకు, పాస్టర్లకు మినహాయింపు లేదు. కరెంటు, ప్లంబింగ్ పనులు లైసెన్సున్నవాళ్లే చేస్తారు, మన ఇంజినీర్లు ఎంత తెలిసినా సామాను అందించడమే. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు పవర్ టూల్స్ ముట్టుకోకూడదు, నిచ్చెన ఎక్కకూడదు. కాలేజీ అప్లికేషన్ కోసం వాలంటీర్ అవర్స్ లెటర్ అడిగే తల్లిదండ్రులు దయచేసి ఇది గమనించండి. పిల్లలు పనిచేసిన గంటలకే లెటర్ ఇస్తాం, బండిలో ఫోను చూసుకున్న గంటలకు ఇవ్వం.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా పనికి తీసుకెళ్లొచ్చా అన్నది సున్నితమైన విషయం. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు, వర్క్ పర్మిట్ లేని డిపెండెంట్లు సుత్తి పట్టుకోవడానికి ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగాలి. అడిగేదాకా వాళ్లను పని జాబితాలో పెట్టం. పొద్దుటి ప్రార్థనకు, భోజనాలకు అందరూ రావచ్చు.

ఇంకో మాట. వంట పని సిస్టర్లది, గోడ పని బ్రదర్లది అన్న లెక్క ఈ ఏడాది నుంచి లేదు. లూసియానాలో అందరికంటే నున్నగా పేస్టు పూసింది నెల్లూరు సిస్టర్ ఒకావిడ. గోడలకు పూసే చేయి దోసె పెనం మీద తేలిన చేయి అని ఆవిడే అన్నారు.

డబ్బు సంగతి

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు. పన్నుల గురించి మాత్రం ఇక్కడ చెబుతాను. సేవ కోసం నడిపిన బండికి మైలుకు 14 సెంట్ల చొప్పున మినహాయింపు ఉంది, ఆ రేటు ఏళ్ల తరబడి మారలేదు. దానికి బదులు అసలు పెట్రోలు బిల్లులే చూపించొచ్చు, ఆర్వీకి అదే లాభం. రసీదులు దాచుకోండి. ఖర్చులు విడివిడిగా చూపించేవాళ్లకే ఇది వర్తిస్తుంది. మీరు పనిచేసిన గంటలకు వెల కట్టి మినహాయింపు అడగడానికి లేదు. దారిలో గ్రాండ్ కాన్యన్ చూసొస్తే ఆ పెట్రోలు కూడా ఇందులో కలపకండి.

సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు ఇస్తానన్నాను. "ఇక్కడి తెల్లవాళ్ల చర్చిలకు గోడలు కట్టే బదులు అదే డబ్బుతో మన ఊళ్లో మందిరం కట్టొచ్చు కదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ముందు లెక్క. ఆర్వీ బృందం ఖర్చులో చాలా భాగం సభ్యులు సొంతంగా పెట్టుకునే పెట్రోలు, తిండి. అది సంఘం పెట్టెలోంచి వచ్చేది కాదు కాబట్టి ఇక్కడ ఆపితే అక్కడికి చేరేదేమీ లేదు. ఇండియాకు డబ్బు పంపడం కూడా మనం అనుకున్నంత తేలిక కాదు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే విదేశీ విరాళం తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వడానికి కూడా లేదు. తెలిసిన పాస్టరుగారి సొంత ఖాతాలో వేసి మందిరం కట్టుకోమనడం ఆయన్ని ఇబ్బందిలోకి నెట్టడమే.

ఇక మనం ఇక్కడివాళ్లకు తీర్చాల్సిన బాకీ సంగతి. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు, ఆయన వెళ్లింది అమెరికా బాప్టిస్టుల కానుకలతోనే. మెదక్‌లో మిషనరీ పోస్నెట్ కరువు కాలంలో పనికి తిండి పెట్టి కట్టించిన కేథడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. పేదలకు ఇళ్లు కట్టే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ ఇండియాలో 1983లో మొదటి అడుగు వేసింది మన ఖమ్మంలో. ఆ సంస్థకు ఇక్కడ ఆర్వీల్లో తిరిగి ఇళ్లు కట్టే వాలంటీర్ల దళం కూడా ఉంది. మనలో చాలామంది తాతముత్తాతలు అలాంటి మిషన్ బడుల్లో, ఆస్పత్రుల్లో ఎదిగినవాళ్లే. లూసియానా పల్లె చర్చికి గోడ పెట్టడం పరాయి పని అని కార్యవర్గం అనుకోవడం లేదు. మన వీధి చివర పని లాగే అనుకుంటోంది. ఒప్పుకోనివాళ్లు వచ్చే సమావేశంలో మాట్లాడవచ్చు, సమయం కేటాయిస్తాం.

2026

జనవరి చివర్లో టెక్సస్ దక్షిణ కొసన ఉన్న రియో గ్రాండే లోయకు వెళ్తున్నాం. ఉత్తరాది నుంచి చలికి తప్పించుకుని వచ్చే రిటైరైనవాళ్లు ఆ రోజుల్లో అక్కడ వేలల్లో ఉంటారు, వాళ్లలో వడ్రంగం వచ్చినవాళ్లు మనకు దొరుకుతారు. పని ఒక చిన్న స్పానిష్ చర్చి సండే స్కూలు గదులకు కప్పు వేయడం, మెట్ల పక్కన వీల్‌చెయిర్ ర్యాంపు కట్టడం. ర్యాంపు ఒక అడుగు ఎత్తు లేవాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి, కాబట్టి చెక్క బాగా పడుతుంది, చేతులు కూడా బాగా కావాలి. ఉపవాస కాలం తర్వాత మళ్లీ లూసియానా.

పేర్లు వాచ్‌నైట్ (డిసెంబరు 31 రాత్రి) ఆరాధన నాటికి ఇవ్వండి. సొంత బండి లేనివాళ్ల కోసం రెండు ఆర్వీలు అద్దెకు తీసుకుంటున్నాం, ముందు చెప్పినవాళ్లకు ముందు. ఇనుప ముక్కున్న బూట్లు, చేతి గ్లవ్స్, కళ్లద్దాలు, కొలత టేపు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. ఆవకాయ, గోంగూర తెచ్చుకోవచ్చు. జాడీలు వద్దు, గట్టి మూతల ప్లాస్టిక్ డబ్బాలే. పోయినసారి ఒక మలుపులో జరిగింది గుర్తుంది కదా, ఆ బండి సీట్లకు ఇప్పటికీ వాసన పోలేదు.

ఇట్లు,
కార్యవర్గం తరఫున,
కార్యదర్శి